పంచుకున్న మునుం

పొలాల మీద డ్రోన్లు నడిపే ఆ ఆఫీసులో మేనేజరు మొదలుకొని అందరి చేతులకూ అలసటను రంగుల్లో చూపే కడియాలే. కడియం ఎర్రబడితే ఆ మనిషిని ఇంటికి పంపి, ఉద్యోగం ఇంకొకరికి ఇస్తారు.

ఆ మధ్యాహ్నం సుగుణ కడియం నారింజ రంగుకు తిరిగింది. భయానికి అది ఇంకా ముదిరింది.

పక్క సీటు అనసూయ ఓరకంట చూసింది. "నాట్లల్ల ఎనకవడ్డదాన్ని ఇంటికి తోలుతమానే? దాని వంతుకొచ్చిన మునుంల మనమే నాలుగు మొక్కలు పెడ్తం. నీ డ్రోన్లు ఇటియ్యి."

వరుసలో వాళ్లంతా తలా ఒక డ్రోను తమ తెర మీదికి లాక్కున్నారు. సుగుణ కడియం ఆకుపచ్చకు తిరిగింది.

మేనేజరు ఉరికొచ్చాడు. "ఎవరి పని వాళ్లే చెయ్యాలమ్మా."

"ఒక్క ఎర్ర కడియం సూపియ్యి సారూ," అంది అనసూయ.

హాలంతా వెతికాడు. అన్నీ ఆకుపచ్చవే; నారింజ రంగున్నది అతని చేతి కడియం ఒక్కటే.

సుగుణ నవ్వి కుర్చీ జరిపింది. "కూసో సారూ. నీ పనిల గూడ ఇంత ఇటియ్యి."