సగం ఎత్తిన చెయ్యి

"మళ్లీ లేచింది చెయ్యి!"

పెద్ద టీచర్ తాళం కర్రతో నేల మీద గట్టిగా కొట్టింది. పాట ఆగిపోయింది. గోడ వార నిలబడ్డ ముప్పైమంది పిల్లలూ ఊపిరి బిగబట్టారు. హాలు మధ్యలో ఉన్న అమ్మాయి కుడి చెయ్యి మాత్రం ఇంకా తలకు పైనే ఉంది.

"భుజం ఎత్తున ఆపమని ఎన్నిసార్లు చెప్పానే? చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నా పని."

"ఆపుదామనే అనుకుంటాను టీచర్. పాట అక్కడికొచ్చేసరికి దానంతటదే లేస్తోంది."

"దానంతటదే లేవడానికి అదేమన్నా పొయ్యి మీద పాలా?"

అమ్మాయికి ఇది మూడో పరీక్ష. మొదటి రెండుసార్లూ ఈ చెయ్యి దగ్గరే తప్పింది. ఈసారీ తప్పితే పట్టా రాదు. పట్టా లేకపోతే, బడిలో నాట్యం నేర్పే ఉద్యోగం నోటి దాకా వచ్చి జారిపోతుంది. ఆ సంగతి పెద్ద టీచర్‌కు తెలియక కాదు. పిల్ల మీద జాలీ ఉంది. కానీ జాలిపడి మార్కులేస్తే కళ ఏమైపోవాలి?

ఆ కళంతా గోడ మీద నిలువెత్తు ఫోటోలో ఉంది. నలభై ఏళ్ల కిందటి ప్రదర్శన అది. నర్తకి కుడి చెయ్యి సరిగ్గా భుజం ఎత్తున ఆగింది. ఎడమ అరచెయ్యి కుడివైపు పక్కటెముకల మీద ఆనింది. చూపు జనం మీద లేదు, పక్క తెర వైపు ఉంది.

పెద్ద టీచర్‌కు అప్పుడు పదిహేనేళ్లు. ముందు వరసలో కూర్చుని రెప్ప వెయ్యకుండా చూసింది. ఇంటికెళ్లి వెక్కి వెక్కి ఏడ్చి, చూసిందంతా పొల్లుపోకుండా నోటు పుస్తకంలో రాసుకుంది. ఆ నర్తకి కొన్నాళ్లకే భర్త ఉద్యోగం వెంట ఊళ్లు తిరుగుతూ నాట్యం మానేసింది. పెద్ద టీచర్ మాత్రం ఆ ఒక్క ప్రదర్శన మీద ఈ నాట్యబడి కట్టింది.

కుడి చెయ్యి కోరిక. ఎడమ చెయ్యి నిగ్రహం. మూడుసార్లు పక్క చూపు, కంటికి కనిపించని తోడు కోసం మనిషి పడే ఆరాటం. దీని మీద ఆవిడ నాలుగు వందల పేజీల పుస్తకం రాసింది. అది చదివి ఇద్దరు డాక్టరేట్లు తెచ్చుకున్నారు. చెయ్యి ఎక్కడ ఆగాలో చూడ్డానికి గుమ్మం పక్కన గీత కూడా గీయించింది.

ఇవాళ సాక్షాత్తూ ఆ నర్తకే అతిథి. ఏళ్ల తరబడి బతిమాలితే ఇన్నాళ్లకు వచ్చింది. మోకాళ్లకు పట్టీలు వేసుకుని, ముందు కుర్చీలో కూర్చుంది. ఇందాక ముప్పైమందీ ఒక్కసారిగా చెయ్యి సగం ఎత్తి, పక్కలు అదుముకుని, మూడుసార్లు పక్కకు చూసినప్పుడు ఆవిడ చేతిరుమాలుతో మొహం కప్పుకుంది. భుజాలు ఎగిసిపడ్డాయి. అది చూసి పెద్ద టీచర్‌కు కూడా కళ్లు చెమర్చాయి. నలభై ఏళ్ల కష్టం ఫలించింది.

అంతలో ఈ పిల్ల వచ్చి పరువు తీసింది.

"అమ్మగారినే అడగండి టీచర్. ఆవిడ తప్పంటే ఇంక మీ గుమ్మం తొక్కను," అంది అమ్మాయి.

"అడుగుతాను. ఒప్పంటే నా పుస్తకం నేనే పొయ్యిలో పెడతాను," అంది పెద్ద టీచర్ ధీమాగా.

నర్తకి కుర్చీ చేతుల మీద బలం మోపి లేచింది. ఫోటో దాకా నడిచి, తనను తాను కాసేపు చూసుకుంది. ఆ తర్వాత అమ్మాయి దగ్గరికొచ్చి, ఆ కుడి చేతిని మెల్లగా పట్టుకుని మళ్లీ తల మీదికి ఎత్తింది.

"నేను నేర్చుకున్నదీ ఇలాగే తల్లీ, కానీ ఆ రోజు చెయ్యెత్తబోయేసరికి జాకెట్టు చంక కింద పర్రున పిగిలిపోతే, ఎడం చేత్తో దాన్ని అదిమిపట్టుకుని, పిన్నీసు తెమ్మని మూడుసార్లు తెర పక్కకు చూశాను, ఒక్కరైనా కదిలితేనా!"