మేవార్ పసుపు

"మేవార్ బొమ్మకి పసుపు ఇంకాస్త చిక్కగా పడాలి సింధూజా," అన్నారు వైదేహి మేడమ్. యూనివర్సిటీ వాళ్ళు ఆడవాళ్ళ కోసం పెట్టిన శిక్షణలో నాకు రాజపుత్ర చిత్రాలు నేర్పే ఆమె తార్నాకలోని మా గదికి రావడం అదే మొదలు.

ఒళ్ళో పాప పాలు తాగుతోంది. రంగులో ముంచిన కుంచెను పెదాల మధ్య పెట్టి మొన తీశాను.

మేడమ్ నా చెయ్యి పట్టుకుని లాగేశారు.

"నోట్లో పెడతావేంటి? ఆ పసుపు రంగు హరిదళం, విషం! మొదటిరోజు కాగితంలో రాసిచ్చాం కదమ్మా?"

"ఇంగ్లీషుల ఉండె మేడమ్. నేను ఆరో తరగతి దాకనే చదివిన. నవ్వుతరని అడగలే."

"ఎన్నాళ్ళ నుంచి ఇలా?"

"ఆర్నెల్లాయె."

మేడమ్ చూపు నా ఒళ్ళోకి దిగింది. పాపనే చూస్తున్నారు.

అప్పుడు నాకర్థమైంది. పాప నోటి నుంచి రొమ్ము విడిపించాను. అది ఆకలితో ఏడుస్తూ నా పైట పట్టుకుని లాగింది.