వెనక గదికి సిగ్నల్

“వెనక రూముల నెట్ రాదు మామా. లేకుంటే రెండు దినాలు ఉంటుంటిమి” అని అల్లుడు అనగానే ఆగయ్య స్టూలు తెచ్చాడు.

వచ్చిన ప్రతిసారీ ఇదే మాట. అల్లుడిది పోచారంలో సాఫ్ట్‌వేర్ కొలువు. తిన్న చెయ్యి ఆరకముందే పెళ్లాన్ని, అంటే ఆగయ్య బిడ్డను, వెంటబెట్టుకుని తిరుగు ప్రయాణం.

“తప్పు సిగ్నల్‌ది కాదు అల్లుడా. నారపల్లిల భూమి అమ్మి కట్టిన ఇల్లు, గోడలు గట్టిగ వెట్టిచ్చిన. అప్పట్ల ఎకరం...” అంటూ ఆగయ్య టీవీ వెనక నుంచి రౌటర్ తీశాడు. ఆ భూమి కథ ఆపకుండానే అల్లుడిని స్టూలెక్కించి, రౌటర్ చేతికిచ్చి, అతని ఫోన్ పట్టుకుని వెనక గదిలోకి నడిచాడు. టీవీ యాంటెన్నాలు తిప్పించిన నాటి నుంచీ ఈ పనిలో ఆయనది అందె వేసిన చెయ్యి.

“వచ్చిందా మామా?”

“రాలే. జర పైకి లేపు. కిటికీ దిక్కు తిప్పు.”

ఫోన్‌లో గీతలన్నీ నిండాయి. ఆగయ్య సంబరంగా కేక వేయబోతుంటే ఫోన్ టింగుమంది. వంటింట్లోంచి బిడ్డ ప్రవీణ తన మొగుడికి పంపిన మెసేజ్. ఆగయ్య కూడబలుక్కుని చదివాడు.

“సిగ్నల్ వచ్చినా రాలేదనే చెప్పు, ఎప్పటి లెక్క. రాత్రంతా మా బాపు భూమి ముచ్చట నేను వినలేను.”

“వచ్చిందా మామా?” స్టూలు మీది నుంచి అల్లుడు మళ్లీ అడిగాడు.

ఆగయ్య ఫోన్‌ను లుంగీకి తుడిచాడు.

“రాలే అల్లుడా. గోడలు మస్తు మందం. మీరు జల్ది బయలెల్లున్రి.”