పలకని గది

మాస్కో శివార్లలోని వ్యోమగాముల శిక్షణ కేంద్రంలో, చప్పుడు చొరబడని ఇనుప గదిలోకి గ్లెబ్‌ను పంపుతూ డాక్టరమ్మ తమారా నవ్వింది. “పది రోజులు మీరు మైకులో ఏం చెప్పినా వింటాం, పలకం, గ్లెబ్ యెగోరిచ్. ఇంటావిడ అలిగిందనుకోండి. లోపల ఏ గొంతైనా వినిపిస్తే మాత్రం దాచకండి.”

“చెబితే?”

“అంతరిక్షం మర్చిపోయి, మళ్ళీ ప్రయాణికుల్ని మోసుకోవడమే.”

సైబీరియా మీద పద్నాలుగేళ్ళు విమానం నడిపినవాడు గ్లెబ్. నలభై దాటాక, మిగిలిన ఈ ఒక్క పరీక్ష దాకా వచ్చాడు.

నాలుగో రాత్రి నిద్ర పట్టక, పాత అలవాటుకొద్దీ విమానం లేచేముందు చదివే జాబితా అందుకున్నాడు. కమాండర్ ఒక్కొక్కటే అడగాలి, కో-పైలట్ బదులు చెప్పాలి. ఇక్కడ రెండూ తనే.

“ఇంధనం? నిండుగా ఉంది. తలుపులు?”

“వేసున్నాయి, కమాండర్.”

అది ఇల్దార్ గొంతు. తొమ్మిదేళ్ళు కుడిపక్క సీట్లో కూర్చుని, నిరుడు మంచు పడేవేళ మట్టిలో కలిసిన ఇల్దార్.

గ్లెబ్ అటు తిరగలేదు. తెల్లవారి నివేదిక వేళకు మైకు మీట నొక్కి, “అంతా సవ్యం. ఏ గొంతూ వినబడలేదు,” అన్నాడు.

“అబద్ధమెందుకు, కమాండర్?” కుడిపక్కనుంచే వచ్చింది మాట. “జాబితా సగంలో ఆపేశావు. అడుగు.”

గ్లెబ్ వేలు ఇంకా మీట నొక్కే ఉంది. అవతలివాళ్ళు విన్నారో లేదో, ఇంకో ఆరు రోజులు ఎవరూ చెప్పరు.