జనవరిలో మర్మితాకో

గాలి తోసిన తలుపు వెనకాలే ఒక ముసలాయన లోపలికి వచ్చాడు.

బెర్మియో రేవు పక్కన గార్బిన్యె నడిపే చిన్న బారు అది. సముద్రం పోటెత్తి ఉంది, పడవలు కదలలేదు. పని లేని మగవాళ్ళు నలుగురైదుగురు వైన్ గ్లాసులతో కూర్చుని ఉన్నారు.

గార్బిన్యె భర్త పేరు యుస్తాకి. ఆయన పడవ ఇలాంటి జనవరిలోనే మునిగింది. మునిగేదాకా ఏదో పడవ నుంచి ఎవరో ఆయనతో రేడియోలో మాట్లాడుతూనే ఉన్నారట. ఎవరో, ఏ పడవో తెలియలేదు.

సముద్రం మీద తిరిగే మనిషి ఎవరు ఆ గడప తొక్కినా ఆమె ఒకటే అడిగేది: "మా ఆయన చివరికి ఏమన్నాడో ఎవరైనా విన్నారా?"

ఏళ్ళు గడిచాయి. ఆ మాట తెలిస్తే తప్ప ఆమెకు ఆయన చావు పూర్తి కాలేదు.

ముసలాయన తల తుడుచుకుని ఆమె ముందు నిలబడ్డాడు.

"మర్మితాకో ఉందా అమ్మా?"

గార్బిన్యె గ్లాసు తుడవడం ఆపింది.

ట్యూనా చేప, బంగాళాదుంపలు, ఉల్లి, మిరప వేసి ఉడికించే పులుసు అది. పడవల మీద పుట్టిన వంట. ట్యూనాలు వచ్చేది ఎండాకాలంలో. చలికాలంలో ఆ పేరెత్తినవాడు ఆ తీరాన పుట్టినవాడు కాడని అక్కడ అందరి లెక్క.

"జనవరిలోనా తాతా? ట్యూనాలు ఇప్పుడు ఎక్కడున్నాయో వాటికే తెలియదు. జూలైలో రా."

"డబ్బా ట్యూనాతో చేసుకోవచ్చుగా."

బారంతా గొల్లుమంది.

డబ్బా ట్యూనా అంటే వాళ్ళకు చిన్నచూపేమీ కాదు. ఉన్నమాట చెప్పాలంటే వాళ్ళ ఇళ్ళు గడిచేదే దాంతో. రొట్టె మీద, ఉడికించిన గుడ్డుతో, టమాటా ముక్కల్లో, ఎర్ర మిరపకాయల్లో కూరి, రోజూ తింటారు. బలమని పిల్లలకు పెడతారు, గుండెకు మంచిదని ముసలివాళ్ళకు పెడతారు. డబ్బాలో మిగిలిన నూనె కూడా పారబోయరు. ఈ పులుసులో మాత్రం వేయరు. ఎందుకని అడిగితే చెప్పలేరు. వాళ్ళమ్మలు వేయలేదు, అంతే.

వలలు బాగుచేసే చోమిన్ కుర్చీ ఇటు తిప్పాడు. "ఏ ఊరు తాతా మీది?"

"పాలెన్సియా వైపు. సముద్రం ఊసే లేదు, అన్నీ గోధుమ పొలాలే."

"అదీ సంగతి. మీ ఊళ్ళో ట్యూనాలు డబ్బాల్లోనే పుడతాయా?"

ముసలాయన కూడా నవ్వాడు. "డబ్బాలోని నూనెతోనే ఉల్లి వేయించాలి బాబూ. దుంపను కోయకుండా విరవాలి, పులుసు చిక్కబడుతుంది. ట్యూనా మాత్రం కుండ దించాక వేసి మూత పెట్టాలి. పొయ్యి మీద ఉడికిందా, పీచైపోతుంది."

"పులుసు గురించి మాకే చెబుతున్నాడు చూడు," అన్నాడు చోమిన్.

ముసలాయన ఆమె వైపు తిరిగాడు. గొంతు తగ్గించాడు.

"మీ పొయ్యి కాసేపు ఇవ్వమ్మా. నేను వండుతాను, నువ్వు పక్కన కూర్చో. వండుతూ మాట్లాడుకుందాం."

"ఏం మాటలు?"

"కొన్ని మాటలు చేతులు పనిలో ఉంటేనే బయటికొస్తాయి. ఊరికే ఎదురుగా నిలబడి చెప్పలేను."

వెనక ఎవరో దగ్గారు. ఇంకెవరో ఈల వేశారు.

గార్బిన్యె ముఖం ఎర్రబడింది.

"మొగుడు పోయినదాన్నని ఎవరు చెప్పి పంపారు తాతా నిన్ను? కబుర్లకు వేరే చోటు చూసుకో."

"అది కాదమ్మా..."

ఆమె ఒక డబ్బా, రొట్టె ముక్క బల్ల మీద ఠక్కున పెట్టింది.

"ఇదిగో నీ ట్యూనా. తిని బయలుదేరు."

గోధుమ పొలాల మనిషిని ఆ పాత ప్రశ్న అడగాలని ఆమెకు తోచనే లేదు.

ముసలాయన డబ్బా ముట్టుకోలేదు. బల్ల అంచు పట్టుకుని చాలాసేపు దగ్గాడు. బయట బస్సు హారన్ మోగింది.

"ఇది పోతే ఇంకో బస్సుందా బాబూ?"

"రేపే," అన్నాడు చోమిన్.

"రేపటిదాకా ఉండలేను," అని ఆయన వెళ్ళిపోయాడు.

గార్బిన్యె తలుపును కాలితో మూసింది. ఆ సాయంత్రమంతా డబ్బా పులుసు మీదే జోకులు.

జూలై వచ్చింది. ట్యూనాలతోపాటు పడమటి రేవుల పడవలూ వచ్చాయి. బారులో అసలు మర్మితాకో కుతకుతా ఉడుకుతోంది.

గలీసియా పడవలో ఇంజను చూసే సూసో మొదటిసారి ఆ బారుకు వచ్చి కూర్చున్నాడు. ఆమె గిన్నె నింపుతూ, అందరినీ అడిగే మాటే అతన్నీ అడిగింది.

సూసో ఎత్తిన చెంచా దించేశాడు.

"అదేంటమ్మా? ఎలాదియో రాలేదా నీ దగ్గరికి?"

"ఎవరతను?"

"మా పడవ వంటవాడు. ఇన్నేళ్ళూ నీ ముఖం చూడాలంటే జంకాడు. ఊపిరితిత్తులు పాడయ్యాక, ఇక ఆగితే లాభం లేదని జనవరిలో ఈ ఊరికే బయలుదేరాడు. వెనక్కి వచ్చి నేరుగా ఆస్పత్రిలో చేరాడు. మార్చి దాటలేదు పాపం."

"ఎలా ఉంటాడు?"

"ముసలాయన. బతుకంతా సముద్రం మీదే గడిపినా మాటలో గోధుమ పొలాల యాస పోలేదు."

చోమిన్ తల దించుకున్నాడు. గార్బిన్యె చేతిలో గరిట ఒరిగి పులుసు నేల మీద కారుతోంది. ఆమె చూసుకోలేదు.

"మా ఆయన గురించి... ఏమన్నా చెప్పాడా బాబూ మీకు?"

"మేమంతా పైన తాళ్ళు పట్టుకుని మీవాళ్ళ కోసం వెతుకుతుంటే, రేడియో దగ్గర కూర్చుని ఆఖరిదాకా మీ ఆయనతో మాట్లాడింది ఎలాదియో ఒక్కడే; ఆ మాటలు నీకు తప్ప ఇంకెవరికీ చెప్పేవి కావని, ఎంత అడిగినా మాకు చెప్పకుండానే పోయాడమ్మా."