రేడియేటర్లో పసుపు

బానెట్ ఎత్తగానే రత్నాకర్‌కు నవ్వొచ్చింది. రేడియేటర్ మూత చుట్టూ పచ్చటి చారికలు కట్టి ఉన్నాయి.

"ఏంట్రా ఇది? పులిహోర కలిపావా?"

నాగూర్ తల దించుకున్నాడు. "పసుపన్నా. సన్నంగా లీకు కనపడింది. మా పక్క లారీలకు ఇట్లే చేస్తారు. గుప్పెడు పోస్తే చిల్లు మూసుకుంటాదని..."

"చిల్లు మూసుకుంటుంది. దాంతోపాటు రేడియేటరూ మూసుకుంటుంది. వంటింట్లో డబ్బా మొత్తం గుమ్మరించినట్టున్నావుగా!"

పనివాళ్లంతా పగలబడి నవ్వారు. రత్నాకర్‌కు ఇంకా హుషారు పుట్టింది.

వరల్డ్ కప్ కోసం దోహాను ఎక్కడపడితే అక్కడ తవ్విపోస్తున్న రోజులవి. ఆ దుమ్ముకీ ట్రాఫిక్‌కీ వేడెక్కిన బళ్లు పారిశ్రామికవాడ సనయ్యాలోని గ్యారేజీలకు వస్తూనే ఉంటాయి. రత్నాకర్ అక్కడ హెడ్ మెకానిక్. బెజవాడ ఆటోనగర్‌లో పని నేర్చినవాడు. బాగుచేశానంటూ ఇంటి దగ్గర చెడగొట్టి, ఇంజన్‌ను ఉడకబెట్టి మరీ తెచ్చే ఘనుణ్ని మాత్రం ఈ నాగూర్‌లోనే చూశాడు.

నాగూర్‌ది రాయచోటి. ముఐథర్‌లో ఒక ఖతరీ ఇంట్లో డ్రైవరు. మొన్నమొన్నటిదాకా బుద్ధిగా బండి తోలుకునేవాడు. ఈ ఎండాకాలం ఏ పురుగు కుట్టిందో గానీ స్పానర్ పట్టాడు. గ్యారేజీ ఎందుకు, నేనే చేస్తానని యజమానికి చెప్పడం, చేయడం, ఆనక బండి నడిరోడ్డు మీద ఆవిరి కక్కుతూ ఆగిపోవడం.

రత్నాకర్ ఒక్కో భాగమే ఊడదీశాడు. థర్మోస్టాట్ తిరగబడి ఉంది. ఇంజన్ వేడి తగలాల్సిన ముఖం అవతలివైపుకు తిరిగి ఉంది. ఇక అది తెరుచుకునేదెప్పుడు, నీళ్లు రేడియేటర్‌కు వెళ్లేదెప్పుడు?

"దీన్ని ఇలా బిగించాలంటే కష్టపడాలి కదరా! ఎలా పట్టించావు?"

నాగూర్ గాస్కెట్ మాత్రం ముచ్చటగా కత్తిరించి పెట్టాడు. బోల్టులన్నీ సమంగా బిగించాడు. తప్పుడు పనిని ఇంత శ్రద్ధగా చేసినవాణ్ని రత్నాకర్ తన సర్వీసులో చూడలేదు. శుంఠల్లోనూ రకాలుంటాయి కాబోలు అనుకున్నాడు.

"టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాటిందా?"

"లేదన్నా. గీత దగ్గరికి రాంగానే ఆపేసినా. ఎప్పుడూ అట్లే ఆపేస్తా."

"పిరికి సన్నాసి! అదొక్కటే నయం. లేకపోతే ఇంజన్ ఎప్పుడో పోయేది."

అంతలో నాగూర్ యజమాని దిగాడు. ఆయన్ను ఇంట్లో పనివాళ్లతో పాటు గ్యారేజీ వాళ్లు కూడా బాబా అనే పిలుస్తారు. ముఖం కందగడ్డలా ఉంది. వస్తూనే నిన్నటి భాగోతం చెప్పాడు. ఏదో స్టేడియం పనుల గురించి పెద్దవాళ్లతో మీటింగు. వంతెన ఎక్కగానే ముల్లు లేచింది. ఇంజన్ వేడి లాగేస్తుందని నాగూర్ హీటర్ పెట్టాడు. జూలై నెలలో, మిట్టమధ్యాహ్నం! తెల్లటి పొడుగు అంగీ, ఆ తోబు, చెమటకు ఒంటికి అతుక్కుపోయి, బాబా ఆ పెద్దల ముందు నిలబడాల్సి వచ్చింది.

రత్నాకర్ పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకున్నాడు.

తిట్టాల్సినవన్నీ తిట్టాక బాబా కోపం కాస్త దిగింది. వచ్చిన నాలుగు హిందీ ముక్కల్లో మనసులో మాట చెప్పాడు. డ్రైవింగ్ మాత్రం వంక పెట్టడానికి లేదు. బండి మీద గీత పడనివ్వలేదు. పిల్లలకు నాగూర్ అంటే ప్రాణం.

"తుమ్ బోలో, రత్నా. రఖూఁ? ఇండియా భేజూఁ?" ఉంచనా, పంపేయనా అని తేల్చమన్నాడు.

బాబాకు రత్నాకర్ మాట మీద గురి. ఈసారికి ఉంచండి, ఇక స్పానర్ ముట్టుకోడు అంటే చాలు, నాగూర్ కొలువు నిలబడుతుంది.

నాగూర్ తలెత్తి చూశాడు. చేతులు జోడించబోయి ఎందుకో ఆగిపోయాడు.

ఆ వాలకం చూస్తే రత్నాకర్‌కు జాలి కలగలేదు. ఒళ్లు మండింది. ఇలాంటి మొద్దుల వల్లే ఇక్కడ మనవాళ్లంటే అందరికీ చులకన.

"మాఫీ ముఖ్, బాబా!" అన్నాడు తల మీద వేలితో కొట్టుకుని చూపిస్తూ. అసలు బుర్రే లేదు, ఉంచుకుంటే ఇవాళ ఇంజన్ తగలబెడతాడు, రేపు ఇల్లు తగలబెడతాడు, టికెట్ కొని పంపించేయమని హిందీలో అర్థమయ్యేలా విడమర్చి చెప్పాడు.

"ఖలాస్!" అన్నాడు బాబా. వీసా ఇచ్చిన యజమాని, అంటే కఫీల్, ఊ అననిదే డ్రైవరు దేశం దాటలేని రోజులు. ఆ ఊ ఏదో అక్కడే ఫోన్లో నొక్కేసి, విసురుగా వేరే కారెక్కి వెళ్లిపోయాడు.

నాగూర్ టైర్ల పక్కన కూలబడ్డాడు. మొహం చేతుల్లో దాచుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. రత్నాకర్‌కు కాస్త ఇబ్బందిగానే అనిపించింది. ఎంత శుంఠయినా ఒకడి కడుపు మీద కొట్టినట్టయింది కదా. మంచినీళ్ల సీసా తెచ్చి చేతికిచ్చాడు.

"ఊళ్లో ఆటో తోలుకో, బతికేస్తావు. ఇంజన్ జోలికి మాత్రం పోకు. ఆ విద్య అందరికీ రాదు."

నాగూర్ సీసా పక్కన పెట్టి, అతని చేతులు రెండూ పట్టుకుని కళ్లకద్దుకున్నాడు.

"ఇంత మంచి డ్రైవర్ మళ్లీ దొరకడు, వరల్డ్ కప్ అయ్యేదాకా ఊరికి పంపేది లేదని కాళ్లు పట్టుకున్నా ఇడిసిపెట్టని మనిషన్నా ఆయన, నువ్వుగానీ ఒక్క మంచి మాట చెప్పింటే నా పాట్లన్నీ నీళ్లపాలై, పుట్టినప్పట్నుంచీ చూడని నా బిడ్డ మొగం ఇప్పట్లో చూసేవాణ్నే గాదు."