కొత్త మానిటర్, పాత జోస్యం

సరిగ్గా ఏడింటికి ఐదు నిమిషాలుండగా టీవీ ప్రాణం విడిచింది. ముందు గదిలో అప్పటికే ఎనిమిదిమంది ఇరుగుపొరుగు ఆడవాళ్ళు సర్దుకుని కూర్చున్నారు. అత్తగారు లేచి దాని నెత్తిన రెండు మొట్టికాయలు వేశారు. ఎప్పుడూ ఆ వైద్యానికి లొంగేది కాస్తా ఈసారి కిక్కురుమనలేదు.

నిజానికి ఆ ఎనిమిదిమంది ఇళ్ళలోనూ టీవీలున్నాయి. అయినా ఏడింటి సీరియల్‌కి ఇక్కడికే వస్తారు. కారణం అత్తగారి జోస్యం. కథలో ముందుముందు ఏం జరుగుతుందో ఆవిడ చెబుతారు, అది పొల్లుపోకుండా జరుగుతుంది. తప్పిపోయిన తమ్ముడు రైల్లో దొరుకుతాడన్నారు, దొరికాడు. దొంగ డాక్టరు గుట్టు నర్సు బయటపెడుతుందన్నారు, పెట్టింది. ముప్ఫై ఏళ్ళు ఇంట్లో ఎవరూ చెవిన పెట్టని మాటకు ఇప్పుడు వీధంతా చెవులు రిక్కిస్తుంటే ఆవిడకు కడుపు నిండిపోయేది.

"బొమ్మ పోతే పోయింది, కథన్నా చెప్పండి," అన్నారు ఎదురింటి పంతులమ్మ. రిటైరై నాలుగేళ్ళైనా ఆవిడకు ప్రశ్నలడిగే అలవాటు పోలేదు.

"ఏముంది? ఆ గయ్యాళి అత్త పదిహేను రోజుల్లో కోడలికి క్షమాపణ చెబుతుంది."

"రెండేళ్ళుగా వంగని మెడ ఇప్పుడు వంగుతుందా? పందెం. వంగకపోతే మీ పడక్కుర్చీ నాది. మీరు వెనకాల చాప మీద."

"అలాగే కానివ్వండి."

టీ గ్లాసులు తెచ్చిన కోడలు గుమ్మంలోనే ఆగిపోయింది. "పదిహేను రోజులేనా అత్తయ్యా? నెల అనకూడదూ?"

"నోరు జారాక వెనక్కి తీసుకోవడం మా ఇంటా వంటా లేదు," అన్నారు అత్తగారు. కోడలు నిట్టూర్చి లోపలికి పోయింది.

మర్నాడు ఆదివారం. ప్రెస్సులో పనిచేసే కొడుకు కొత్త టీవీ తెస్తాడని అత్తగారు గుమ్మంలోనే కాపలా కాశారు. వాడు ఆటోలోంచి కంప్యూటర్ దించాడు.

"నీ కోడలి చేతిరాత కోడి గెలికినట్టుందని ఆఫీసువాళ్ళు గోల పెడుతున్నారమ్మా. ఇక టైపు చేసి పంపమన్నారు. ఈ చిన్న పెట్టె తగిలిస్తే దీన్లోనే నీ సీరియల్ కూడా వస్తుంది."

కోడలిది ఏదో కంపెనీకి కాగితాలు రాసి పంపే పని. ఆ గొడవ అత్తగారు ఎన్నడూ అడగలేదు, ఆ పిల్లా చెప్పలేదు. టీవీ బల్ల మీద మానిటర్ పెట్టారు. సీపీయూ డబ్బా దాని పక్కన నిలబెట్టారు.

"టీవీకి పొట్ట వెనకాల ఉండేది, దీనికి పక్కనుందేమిట్రా?" అన్నారు అత్తగారు. ఆవిడకు నవ్వు రాలేదు. పందెం గడువులో ఇది మొరాయిస్తే పరువు గంగలో కలిసినట్టే.

అది మొరాయించలేదు. అడ్డొచ్చింది కోడలి పనే. ఆఫీసులో ఏదో అర్జెంటు వచ్చి పడిందట, పొద్దస్తమానం ఆ మీటలు టకటకలాడించేది. ఏడవుతుంటే అత్తగారు వెనకాల నిలబడి దగ్గేవారు. కోడలు ఉలిక్కిపడి, తెర మీది అక్షరాలు గబుక్కున మాయం చేసి, సీరియల్ పెట్టేది. పేర్లు పడుతున్నంతసేపూ గదిలో చోటు కోసం తగవులాటే.

రోజులు గడిచాయి. సీరియల్లో ఆ గయ్యాళి అత్త మెడ ఇంకా నిటారుగానే ఉంది. పద్నాలుగో రోజున పంతులమ్మ పడక్కుర్చీ కొలతలు కంటితోనే తీసుకుని వెళ్ళారు. అత్తగారికి అన్నం సయించలేదు.

"భయంగా ఉందే," అన్నారు కోడలితో, మొదటిసారి పైకి. "రేపటినుంచి నా మాట ఎవరూ వినరేమో."

"నేను వింటాను కదత్తయ్యా," అంది కోడలు. "తినండి."

పదిహేనో రోజు అందరూ తెర మీదికి వంగి కూర్చున్నారు. సీరియల్ ముగియడానికి రెండు నిమిషాల ముందు గయ్యాళి అత్త కోడలి చేతులు పట్టుకుంది. "తప్పు నాదేనమ్మా," అంది. గదంతా చప్పట్లు. పంతులమ్మ లేచి, అత్తగారిని లేపి, పడక్కుర్చీ దుమ్ము తన చేత్తోనే దులిపి, మళ్ళీ అందులో కూర్చోబెట్టారు. అత్తగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, కళ్ళు కూడా.

అందరూ వెళ్ళిపోయాక కోడలు మానిటర్ ముందు కూర్చుంది.

"ఇంతకీ ఆ కోడలు క్షమిస్తుందంటారా అత్తయ్యా?"

"అప్పుడే ఎందుకు క్షమిస్తుందే? ఒక వారమన్నా అత్త చేత బతిమాలించుకుంటుంది," అన్నారు అత్తగారు, పడక్కుర్చీలో వెనక్కి వాలుతూ.

కోడలు తల ఊపి, ఆ మాటనే సీరియల్ ఆరువందల పదమూడో భాగానికి కథగా టైపు చేసి, ఆఫీసుకి పంపించేసింది.